అనంతపురంలో జీతం లెక్క విడమర్చి చెప్పే జెరాక్స్ షాపు: మా తమ్ముడి ఆఫర్ లెటర్ పట్టుకొని పోయినాము

ఆర్ట్స్ కాలేజీ దాటినాక పక్క సందులో ఒక చిన్న జెరాక్స్ షాపు ఉండాది. బోర్డు మీద జెరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ వర్క్స్ అని మూడే మాటలు, అవి కూడా ఎండకి వెలిసిపోయినాయి, కొత్తోళ్ళు ఎవరైనా దాని ముందు నుంచి పోతే మామూలు నెట్ సెంటరే అనుకుంటారు. కానీ నాకు తెలిసినంతలో మన ఊర్లో ఉద్యోగానికి పోయే పిల్లోళ్ళు సంతకం పెట్టకముందు ఒక్కసారన్నా పోవాల్సిన చోటు అదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తా ఉన్నా, టైమ్ ఉంటే పూర్తిగా చదవండి. మీ ఇంట్లో డిప్లొమా, డిగ్రీ, ఐటీఐ అయిపోయినోళ్ళు ఉంటే వాళ్ళకి కూడా చూపించండి.

షాపు పెద్దాయనది. అందరూ సారు అనే పిలుస్తారు. చాలా ఏండ్లు ఒక నూలు మిల్లులో టైమ్ ఆఫీసులో పని చేసినారంట, అంటే హాజరు, ఓటీ (అదనపు గంటల పని), పీఎఫ్ (జీతంలో నుంచి దాచే భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), నెలాఖరున జీతాల షీటు, మొత్తం ఆయన చేతి మీదనే నడిచింది. మిల్లు మూతపడినాక ఈ షాపు పెట్టుకున్నారు. కంప్యూటర్ పని ఆయన కూతురు చూసుకుంటాది, లెక్కలు చెప్పేది మాత్రం ఆయనే. పీఎఫ్ పాస్‌బుక్ ప్రింట్ తీస్తే 30 రూపాయలు తీసుకుంటారు, ఆఫర్ లెటరో పేస్లిప్పో చూపించి ఇదేంది సార్ అని అడిగితే దానికి ఏమీ తీసుకోరు.

మా తమ్ముడు మెకానికల్ డిప్లొమా. పోయిన డిసెంబర్‌లో పెనుకొండ పక్కన ఒక విడిభాగాల కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారుకావడం మొదలైనప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఇట్లాంటి కంపెనీలు చాన్నే వచ్చినాయి కదా, అట్లాంటి వాటిల్లో ఒకటి. లెటర్‌లో ఏడాదికి 2 లక్షల 64 వేలు అని ఉంది. ఇంట్లో పండగే అనుకోండి. మా నాయన చెనక్కాయ పంట పోయి రెండేండ్లుగా అప్పుల్లో ఉన్నాడు, ఆయన వెంటనే 12తో భాగించి నెలకి 22 వేలు, అందులో పది వేలు ఇంటికి ఇచ్చినా వానికి 12 మిగులుతాయి అని లెక్క కట్టేసినాడు. తమ్ముడు అప్పటికే ఈఎంఐలో బండి చూసి పెట్టుకున్నాడు. నేనే ఆపినా, ఒకసారి సారు దగ్గరికి పోయి వద్దాం రా అని. ఎందుకు ఆపినానో తర్వాత చెప్తా, అది నా సొంత కథ.

మేము పోయేటప్పటికి సాయంత్రం ఆరు. ముందర నలుగురు ఉన్నారు, నిలబడాల. మా వంతు వచ్చినాక సారు లెటర్ తీసుకొని మొదటి పేజీ చూడనే లేదు, తిప్పి చివర్లో ఉండే పట్టిక పెట్టి, ఏమప్పా, 22 వేలు వస్తాయి అనుకుంటాండావా అన్నారు. వాడు అవును సార్ అన్నాడు. పాడైపోయిన జెరాక్స్ కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టినారు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది, దాన్ని చూసుకుంటూనే ఇది రాస్తా ఉన్నా.

బేసిక్ 11,000. ఇంటి అద్దె అలవెన్సు 4,400. స్పెషల్ అలవెన్సు 4,100. ఈ మూడూ కలిపితే 19,500, దీన్ని గ్రాస్ అంటారు, నీ జీతం అనేది ఇక్కడ మొదలవుతుంది నాయనా, 22 దగ్గర కాదు అన్నారు. మరి మిగతా రెండున్నర వేలు ఏమైనాయి? కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,320. కంపెనీ కట్టే ఈఎస్ఐ గ్రాస్ మీద 3.25 శాతం, 634. గ్రాట్యుటీ, అంటే ఏండ్ల తరబడి చేసి మానేటప్పుడు ఇచ్చే మొత్తం, దాని కింద 529. గ్రాస్‌కి ఇవన్నీ కూడితే 21,983, దాన్ని 12తో గుణిస్తే 2 లక్షల 64 వేలకి ఓ రెండొందలు తక్కువ. లెటర్‌లో ఉండే ఈ మొత్తాన్ని సీటీసీ అంటారు, అది నీకు ఇచ్చేది కాదు, నిన్ను పెట్టుకుంటే కంపెనీకి ఎంత పడుతుందో ఆ లెక్క అన్నారు. నాకు కూడా అంత సూటిగా అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నీ జీతంలో కటింగులు అని ఇంకో గీత గీసినారు. నీ పీఎఫ్ 1,320. నీ ఈఎస్ఐ 0.75 శాతం, 147. ప్రొఫెషనల్ ట్యాక్స్, అంటే ఉద్యోగం చేసేవాళ్ళ దగ్గర రాష్ట్రం తీసుకునే పన్ను, మన ఆంధ్రాలో 15 వేల దాకా లేదు, 15 నుంచి 20 వేల మధ్య 150, 20 దాటితే 200, కాబట్టి నీకు 150. మొత్తం 1,617 పోతే చేతికొచ్చేది 17,883. దానికింద రెండు గీతలు గీసినారు. క్యాంటీన్, బస్సు కట్ చేస్తారా అని అడిగినారు, తమ్ముడికి తెలీదు, లెటర్‌లో వెతికితే యాడనో చిన్న అక్షరాల్లో నెలకి 600 క్యాంటీనుకి, 500 బస్సుకి అని ఉంది. అంటే 16,783. మా నాయన 22 అనుకున్నది అక్కడికి వచ్చి ఆగింది. తమ్ముడి మొహం చూడలేకపోయినా.

ఈ షాపు నాకు ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ఇక్కడే చెప్పాల. సారు అంతటితో వదిలేసి ఉంటే వాడు ఉద్యోగం వద్దని లేచి వచ్చేసేవాడు. ఆయన కాగితం ఇంకోవైపు తిప్పి ఇప్పుడు పోయిందాంట్లో నీది ఎంతో చూద్దాం అన్నారు. నీ 1,320 నీ ఖాతాలోనే పడుతుంది. కంపెనీ కట్టే 1,320లో నుంచి, బేసిక్ మీద 8.33 శాతం, అంటే 916 పెన్షన్ పథకానికి పోతుంది, మిగిలిన 404 నీ పీఎఫ్‌లోకి వస్తుంది. నెలకి 1,724 నీ పేరు మీద జమ, దాని మీద 2024-25కి ప్రభుత్వం ఇచ్చిన వడ్డీ 8.25 శాతం, పల్లెలో చీటీ వేస్తే ఈ భరోసా ఉంటుందా అని అడిగినారు. పెన్షన్ మాత్రం పదేండ్ల సర్వీసు ఉంటేనే 58 ఏండ్లు వచ్చినాక నెల నెలా వస్తుంది, కాబట్టి కంపెనీ మారిన ప్రతిసారీ డబ్బు తీసేసుకోవద్దు, పాత ఖాతా కొత్తదాంట్లోకి మార్చుకో అన్నారు. మన పిల్లోళ్ళు ఎక్కువమంది చేసే తప్పు అదే, ఉద్యోగం మానేసిన రెండో నెలకే పీఎఫ్ తీసి ఫోన్ కొంటారు. నేను కూడా ఒకసారి తీసినా.

ఈఎస్ఐ గురించి చెప్పింది నాకు ఇంకా బాగా పనికొచ్చింది. గ్రాస్ 21 వేల లోపు ఉన్నోళ్ళకి అది వర్తిస్తుంది. 147 రూపాయలు కట్ అయితే వానికే కాదు, వాని సంపాదన మీదే ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా వైద్యం ఉంటుంది, కాబట్టి చేరేటప్పుడు వాళ్ళ పేర్లు, ఆధార్లు ఇచ్చి ఎక్కించుకోమన్నారు. జబ్బు చేసి పనికి పోలేకపోతే, చందా కట్టిన రోజులు సరిపడా ఉంటే, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారంట. మా అమ్మకు షుగర్, నెల నెలా మందులకే వెయ్యి పైన అవుతాండాది. ఈ ఒక్క మాట ఎవరైనా హెచ్ఆర్ వాళ్ళు చెప్పినారా? జాయినింగ్ రోజు ఇరవై కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు, ఒక్కదాని గురించీ చెప్పరు.

గ్రాట్యుటీ 529 సంగతి అడిగితే, అది ఐదేండ్లు చేస్తేనే వచ్చేది, కానీ 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు, అంటే కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చినాయి, అందులో ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇన్నాళ్ళకి అని గడువు పెట్టి తీసుకున్నోళ్ళకి ఏడాది చేస్తే చాలు, నీ లెటర్‌లో ఏమని రాసినారో చూసుకో అన్నారు. బేసిక్ గురించి కూడా అక్కడే చెప్పినారు. ఇంతకు ముందు కొన్ని కంపెనీలు బేసిక్ ఆరు వేలు పెట్టి మిగతాదంతా అలవెన్సుల్లో చూపించేవి, పీఎఫ్ తక్కువ కట్టొచ్చని. కొత్త కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని కూడా వేతనంలోనే కలపాల. వీనిది బేసిక్ సగానికి తగ్గకుండా ఉంది, ఈ కంపెనీ లెక్క పద్ధతిగానే ఉంది, పోయి చేరప్పా అన్నారు. ఆ మాటతో వాడు తేరుకున్నాడు.

ఇప్పుడు నా కథ. డిగ్రీ అయినాక నేను బెంగళూరులో ఒక పెద్ద బట్టల అంగట్లో బిల్లింగ్‌లో చేసినా, 14 నెలలు. పేరు రాయను. నెల నెలా పేస్లిప్‌లో పీఎఫ్ 1,080 కట్ అవుతా ఉంది, నేను ఎప్పుడూ పాస్‌బుక్ చూడలేదు, చూడాలని కూడా తెలీదు, కట్ అయితాంది కదా జమ కూడా అయితాంటుంది అనుకున్నా. మానేసి ఊరికి వచ్చి ఏదో ఎగ్జామ్ అప్లికేషన్ పెట్టుకునేదానికి ఈ షాపుకి పోయినా. పక్కన ఎవరికో సారు పాస్‌బుక్ చూపిస్తా ఉంటే నాది కూడా తీయండి సార్ అన్నా. 14 నెలల్లో 5 నెలలే పడింది. 9 నెలలది, నా వంతే 9,720 రూపాయలు, నా జీతంలో నుంచి తీసుకొని యాడా కట్టలేదు. కంపెనీ వంతు సరే సరి. ఆరోజు షాపులో నిలబడి ఏడ్చినా నేను. పన్నెండు గంటలు నిలబడి చేసిన పని అది, కాళ్ళు వాచిపోయి పీజీ హాస్టల్‌కి వచ్చి పడుకునేదాన్ని.

సారు పేస్లిప్పులు ఉన్నాయా మా అని అడిగినారు. వాట్సాప్‌లో పంపేవాళ్ళు, అదృష్టం కొద్దీ డిలీట్ చెయ్యలేదు. వాళ్ళ పాప పీఎఫ్ వాళ్ళ గ్రీవెన్స్ పోర్టల్ తెరిచి, కంప్లయింట్ ఎట్ల రాయాలో చెప్పి, ఏ నెల ఎంత కట్ అయింది, ఏ నెల పడలేదు అని తేదీలతో టైప్ చేసి, 14 పేస్లిప్పులు జత చేసి పెట్టింది. నాలుగు నెలలు పట్టింది కానీ మొత్తం పడింది. వాళ్ళు నా దగ్గర తీసుకున్నది 100 రూపాయలు, స్కానింగులకి. అందుకే తమ్ముడి లెటర్ వచ్చినప్పుడు వాన్ని ఆపి అక్కడికి తీసుకుపోయినా. నాకు జరిగినాక తెలిసింది, వానికి చేరకముందే తెలియాల అని.

ప్రతి నెలా చూసుకునేది చాలా సులువు, ఇది మాత్రం అందరూ చెయ్యండి. యూఏఎన్ అంటే మన పీఎఫ్ నంబరు, దానికి లింక్ అయిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో పాస్‌బుక్ కూడా కనిపిస్తుంది. ఆ యూఏఎన్ 12 అంకెలు ఉంటుంది, జీవితాంతం ఒక్కటే ఉండాల. కాంట్రాక్టర్ల కింద చేసినోళ్ళకి మాత్రం ఒక్కొక్కడు ఒక్కొక్క నంబరు తీసి రెండు మూడు అయిపోతాయి, డబ్బు యాడ ఉందో కూడా తెలీదు. పాత ఉద్యోగం ఉంటే చేరేటప్పుడే పాత నంబరు చెప్పాల, చెప్పకపోతే తర్వాత తిరుక్కోవాల్సి వస్తుంది.

మేము ఉండంగానే ఇంకో అబ్బాయి వచ్చినాడు, తాడిపత్రి వైపు వాడు, కాంట్రాక్టర్ కింద ఫ్యాక్టరీలో చేస్తా ఉన్నాడు, 13 వేలు. రోజుకి నాలుగు గంటలు ఓటీ చేయించి గంటకి 60 ఇస్తారంట, బాగానే ఇస్తారు సార్ అని సంతోషంగా చెప్తా ఉన్నాడు. సారు పెన్ను పక్కన పెట్టి, 13 వేలని 26తో భాగించు ఎంత అన్నారు. 500. దాన్ని 8 గంటలతో? 62 రూపాయల 50 పైసలు. అంటే నీ మామూలు గంట కంటే కూడా తక్కువకి ఓటీ చేస్తాండావు నువ్వు, చట్టం ప్రకారం ఓటీకి రెండింతలు ఇయ్యాల, గంటకి 125 రావాల అన్నారు. ఆ అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాని వయసు 19 అంటే ఎక్కువ. వాని దగ్గర ఆఫర్ లెటర్ కూడా లేదు, కొత్త కోడ్‌లో ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలని రాసుంది, ముందు అది రాతపూర్వకంగా అడుగు, హాజరు నీ డైరీలో నువ్వు రాసుకో, ఏ రోజు ఎన్ని గంటలు అని, రేపు లేబర్ ఆఫీసుకి పోయినా నీ మాటకి అదే ఆధారం అన్నారు. వాడు డైరీ లేదంటే లోపల నుంచి పాత సంవత్సరం డైరీ ఒకటి తెచ్చి ఇచ్చినారు. ఆ డైరీ ఇచ్చింది నేను మర్చిపోలేను.

షాపుల్లో, హోటళ్ళలో చేసేవాళ్ళకి కూడా కనీస వేతనం ఉంటుంది, పనిని బట్టి, నైపుణ్యాన్ని బట్టి రేట్లు వేరేగా ఉంటాయి, ఏప్రిల్‌లో ఒకసారి అక్టోబర్‌లో ఒకసారి డీఏ (కరువు భత్యం) మారుతుంది అని ఆయన గోడకి అంటించిన ప్రింట్ చూపించినారు. మన సుభాష్ రోడ్డు, తిలక్ రోడ్డు అంగళ్ళలో చేసే పిల్లోళ్ళలో ఎంతమంది ఆ కాగితం చూసినారో నాకు తెలీదు గానీ మా స్నేహితురాళ్ళు ఆరుగురిని అడిగితే ఒక్కరికి కూడా తెలీదు.

తమ్ముడికి ఉపయోగపడిన ఇంకో సంగతి, ఇది చాలామందికి చేరాల. మొట్టమొదటిసారి పీఎఫ్‌లో చేరేవాళ్ళకి కేంద్రం ఒక పథకం పెట్టింది, ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య చేరినోళ్ళకి, జీతం లక్ష లోపు ఉంటే, ఒక నెల పీఎఫ్ వేతనం, ఎక్కువలో ఎక్కువ 15 వేలు, రెండు విడతలుగా ఇస్తారు, ఆరు నెలలు పనిచేస్తే ఒకటి, 12 నెలలకి రెండోది. రెండోదానికి డబ్బు గురించి చెప్పే చిన్న ఆన్‌లైన్ కోర్సు కూడా పూర్తి చెయ్యాల. యూఏఎన్ ఉమంగ్‌లో మొహం స్కాన్ చేసి తీసుకోవాల. వాళ్ళ పాప అక్కడే తమ్ముడితో చేయించింది, మొదట వెలుతురు చాలక తీసుకోలేదు, సందులోకి వచ్చి నిలబడి చేసినాము. మూడో నెలకో నాలుగో నెలకో ఉద్యోగం మానేస్తే అది పోతుంది కాబట్టి కనీసం ఏడాది నిలబడు నాయనా అని సారు చెప్పినారు.

బెంగళూరు పోతామనే పిల్లోళ్ళకి కూడా ఆయన లెక్క వేసి ఇస్తారు. ఇదే 19,500 గ్రాస్ బెంగళూరులో అయితే అక్కడ 25 వేల లోపు జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ లేదు కాబట్టి 18,033 వస్తుంది. కానీ పీజీకి ఏడెనిమిది వేలు పోతుంది, పెనుకొండ అయితే ఇంటి నుంచే పోయి రావచ్చు. ఇక్కడ ఒకటి చెప్పాల, సారు మొదట కర్ణాటకది పాత స్లాబు చెప్పినారు, 15 వేలు దాటితే 200 అని, వాళ్ళ పాప నాన్నా అది 2023లోనే మారింది అని సరిచేసింది. ఆయన కొట్టేసి మళ్ళ రాసినారు. కాబట్టి వేరే రాష్ట్రం లెక్క అయితే ఆ పాపతో కూడా ఒకసారి చూపించుకోండి.

మంచి మాత్రమే రాస్తే సరిపోదు, ఇబ్బందులు కూడా ఉన్నాయి. కూర్చునేదానికి ఒక్క బెంచీ కూడా లేదు. ఆడపిల్లలు సందులో నిలబడి వంతు కోసం చూడాల, చీకటి పడినాక అది నాకు నచ్చలేదు, సారుకి ఆ మాట చెప్పినా, బెంచీ వేస్తా అన్నారు, మొన్న పోయినప్పుడు కూడా లేదు. ఎగ్జామ్ నోటిఫికేషన్ వచ్చిన వారంలో పోతే మన మాట వినే తీరిక వాళ్ళకి ఉండదు. కరెంటు పోతే పని ఆగిపోతుంది, ఇన్వర్టర్ లేదు. సారు లెక్కలు చాలా వేగంగా చెప్తారు, రాత కూడా ఆయనకే అర్థమయ్యేట్టు ఉంటుంది, నేను ఇంటికి వచ్చి మళ్ళ వేరే నోట్‌బుక్‌లో శుభ్రంగా రాసుకున్నా. ఇంకోటి, అడిగిందానికే జవాబు చెప్తారు, మనం అడగకపోతే క్యాంటీన్ కటింగు లాంటివి ఒక్కోసారి బయటికి రావు, మా టైమ్ బాగుండి ఆయనే అడిగినారు గానీ మా పక్కింటి అబ్బాయికి అడగలేదంట. అందుకే ప్రశ్నలు ముందే రాసుకొని పోండి.

వాళ్ళు ఉద్యోగాలు ఇప్పించరు, అది కూడా తెలుసుకొని పోండి. ఉద్యోగం ఇప్పిస్తామని మనూర్లో కన్సల్టెన్సీలు ఉన్నాయి, రిజిస్ట్రేషన్ అని ఐదు వేలు, యూనిఫాం అని రెండు వేలు అడుగుతారు, మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అట్ల ఏడు వేలు కట్టి సర్టిఫికెట్లు కూడా ఒరిజినల్స్ ఇచ్చేసి, అవి వెనక్కి తెచ్చుకునేదానికి మూడు నెలలు తిరిగింది. సారు దగ్గర కన్సల్టెన్సీ లెటర్ పెడితే ఆయన అడిగే మొదటి మాట, డబ్బు కట్టినావా అని. కట్టకపోతే కట్టొద్దు, ఒరిజినల్స్ చూపించు, ఇయ్యొద్దు అంటారు. కేంద్రానిది నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, మన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలు, జిల్లా ఉపాధి కార్యాలయం, వీటిలో ఎందులోనూ రూపాయి కట్టక్కర్లేదు. ఐటీఐ పిల్లోళ్ళకి అప్రెంటిస్ కూడా సారు షాపులోనే నమోదు చేయిస్తారు, అప్రెంటిస్ అంటే ఊరికే చేసే పని కాదు, దానికి చట్టం 1961 నుంచీ ఉంది, స్టైపెండ్ ఇయ్యాల, 2019 రూల్స్‌లో పెట్టిన కనీసం ప్రకారం పదో తరగతి వాళ్ళకి 6 వేలు, ఐటీఐ వాళ్ళకి 7 వేలు, డిప్లొమాకి 8, డిగ్రీకి 9 వేలు. ట్రైనింగ్ పీరియడ్ కదా అని ఆరు నెలలు ఉత్తగా చేయించుకునేవాళ్ళకి ఈ లెక్క చూపించండి.

కొంతమంది అంటారు, మా నాయన కూడా మొదట అదే అన్నాడు, ఇంత లెక్కలు అడిగితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది, వచ్చిందాంట్లో సర్దుకుపోవాల అని. కరువు చూసిన మనిషి, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మేము కంపెనీతో గొడవేం పెట్టుకోలేదు కదా. తమ్ముడు హెచ్ఆర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టినాడు, చేతికి ఎంతొస్తుంది, ఓటీ రేటు ఎంత, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటే క్యాంటీన్ కటింగు తీసేస్తారా అని మూడే ప్రశ్నలు. రెండో రోజే జవాబు వచ్చింది, క్యాంటీన్ వద్దనుకుంటే రాసిస్తే తీసేస్తాం అన్నారు. నెలకి 600 మిగిలింది. అడగకపోతే ఏడాదికి 7,200 పోయేది. అమ్మ పొద్దున్నే సంగటి ముద్ద, పప్పు డబ్బాలో పెట్టి పంపిస్తాది.

బండి మాత్రం ఇంకా కొనలేదు, ఆరు నెలల తర్వాత చూద్దాం అన్నాడు. మా నాయన అప్పు లెక్క 22 వేల మీద కాకుండా 17 వేల మీద వేసి, ఇంటికి నెలకి పది కాకుండా ఏడు వేలు ఇస్తే చాలు అని తనే చెప్పినాడు. జనవరి జీతం వచ్చినప్పుడు వాడు నాకు ఫోన్ చేసి, అక్కా రెండు రోజులు లాస్ ఆఫ్ పే కట్ చేసినారు, రోజుకి 650 చొప్పున 1,300, కానీ నేను ఒక్కరోజే రాలేదు అన్నాడు. హాజరు రాసుకున్నావా అంటే రాసుకున్నా అన్నాడు. టైమ్ ఆఫీసులో చూపిస్తే ఫిబ్రవరి జీతంలో 650 కలిపినారు.

నేను 5కి 4.5 ఇస్తా, ఆ సగం బెంచీ లేనందుకు. పోవాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య పోండి, రద్దీ తక్కువ. ఆదివారం మధ్యాహ్నం దాకానే ఉంటుంది. ఆఫర్ లెటర్ మొదటి పేజీ ఒక్కటే కాకుండా అన్ని పేజీలూ ప్రింట్ తీసుకొని పోండి, ఫోన్‌లో చూపిస్తే సారుకి సరిగ్గా కనపడదు. ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ దగ్గర పెట్టుకోండి, ఓటీపీ వస్తుంది. పాత ఉద్యోగం ఉంటే పాత పేస్లిప్పులు, యూఏఎన్ నంబరు తీసుకుపోండి.